పలనాటి పాడి

పలనాడను పేరునకు పాలనాడని యర్థము చెప్పువారు కొందఱు. పల్లెనాడని చెప్పువారు మఱికొందఱు. ఆ సీమలో విస్తారముగా దొరకు పాలచాయ సున్నపురాతినిబట్టి యా పేరు వచ్చెనని మొదటివారి వాదము. శబ్దవేత్తలు తమ తగవును తామే తీర్చుకొందురుగాక. నేటి పలనాటి సంసారమునకు రెండర్థములును సరిపోవుచున్నవి. ప్రత్తి యేడాది కొక్కమాఱు చేతికి వచ్చును. మిరప యేడాది కొక్కమాఱు వచ్చును. పురుగు పడినను, ధర పడినను, వాన తప్పినను ఆ యేడాది కష్టమంతయు మట్టిపాలే. గేదె యొక్కటియే ప్రొద్దున నింత, మాపున నింత యని తప్పక యిచ్చుచున్నది. కౌలురైతు ఇంట బిడ్డల చదువునకు, కొట్టుబాకీకి, జ్వరము వచ్చిన నాటి మందునకు ఆ పాలచెంబే దిక్కు. అట్టి పాడిని గూర్చి నరసరావుపేట, మాచెర్ల, గురజాల వీథులలో వినవచ్చు మాట మాత్ర మొక్కటియే: పాలలో నీళ్లు కలుపుచున్నారని. ఆ మాట యబద్ధము కాదు. కాని యది సగము నిజమే. మిగిలిన సగమును పట్టణవాసు లెఱుగనంతకాలము వారికి మంచి పాలు దొరకవు; పల్లెవారికి మంచి పాడి నిలువదు.

లెక్కలు చూతము. 2011వ సంవత్సరమున భారత ఆహార భద్రత, ప్రమాణాల ప్రాధికార సంస్థవారు దేశమందలి నానా ప్రాంతములనుండి 1791 పాల నమూనాలను తెచ్చి పరీక్షించిరి. అందు నూటికి 68 పైగా ప్రమాణములకు తగ్గియుండెను. దోషములో పెద్దపాలు నీటిదియు పాలపొడిదియు నయ్యెను. దేశమంతయు గగ్గోలు పడెను. 2018లో ఆ సంస్థవారే 6432 నమూనాలను మఱల పరీక్షింపజేసి, మఱుసటి యేడు ఫలితములను ప్రకటించిరి. వెన్నయో, ఇతర ఘనపదార్థములో తగ్గిన నమూనా లప్పుడును నూటికి నలువదికి తక్కువ లేవు. అయినను యూరియా, సబ్బుపొడి మొదలైన హానికరమగు కల్తీ బయటపడినది పండ్రెండు నమూనాలలో మాత్రమే. 77 నమూనాలలో యాంటీబయాటిక్ మందుల శేషము హద్దు మీఱియుండెను. 368 నమూనాలలో అఫ్లటాక్సిన్ అను బూజువిషము హద్దు మీఱియుండెను. పాఠకులు ఈ సంఖ్యలయెదుట ఒక్కక్షణము నిలువవలెను. ఆ పండ్రెండును అమ్మువాని చేతి పాపము. తక్కినవానిని ఎవడును బిందెలో కలుపలేదు. అవి మేతగుండ, సూదిగుండ గొడ్డు మేనిలోనికి పోయి పొదుగుగుండ వెలికి వచ్చినవి. పాలు కొట్టమునందే చెడినపుడు దుకాణమువద్ద పట్టుకొని యేమి ఫలము?

బూజువిషము సంగతి మొట్టమొదట లోకమునకు తెలిసినది 1960లో. ఇంగ్లండులో లక్షకు పైగా సీమకోళ్లు కారణము తెలియక చచ్చెను. వానికి పెట్టిన వేరుసెనగ చెక్కలో బూజు పుట్టించిన విషమే కారణమని శోధకులు కనుగొనిరి. తడిసిన చెక్క, చెమ్మపట్టిన గింజ, మూటలలో మ్రగ్గిన దాణా, వీనియందు ఆ బూజు పెరుగును. గేదె దానిని తినినచో విషములో కొంతభాగము రూపు మాఱి పాలలోనికి దిగును. కిలో పాలలో అర మైక్రోగ్రాము మించరాదని మన చట్టము చెప్పుచున్నది. దానిని కన్ను చూడలేదు, నాలుక పట్టలేదు. అన్నిటికంటె ముఖ్యముగా గృహిణు లెఱుగవలసిన దేమనగా, పాలు ఎన్ని పొంగులు పొంగించినను ఆ విషము పోదు. పసిబిడ్డకు కాచి చల్లార్చి త్రాగించు తల్లికి రక్ష ఆమె పొయ్యియొద్ద లేదు; ఎక్కడనో పలనాటి పల్లెలో దాణామూట క్రింద నొక బల్ల వేసి, దానిని చెమ్మనుండి కాపాడిన చేతిలో నున్నది.

ఈ చెక్కమూటల యవసర మింతగా నేల వచ్చెను? పలనాడు జొన్నలసీమ. శ్రీనాథుడు జొన్నకూటిని తలచి చాటువులు చెప్పిన కథ చదువుకొన్నవారందఱు నెఱుగుదురు. ఆ మహాకవికి రుచింపని జొన్న పశువులకు మాత్రము పండుగ భోజన మయ్యెను. గింజ మనిషికి, చొప్ప గొడ్డునకు. ఇంటియెదుట చొప్పవామి యున్నంతకాలము వేసవి భయము లేకుండెను. 1955 డిసెంబరులో నాగార్జునసాగరమునకు శంకుస్థాపన మయ్యెను. 1967లో కాలువలకు నీరు వదలిరి. కుడికాలువ పలనాటి మెట్టలకు ప్రాణము పోసెను. దానిని నిందించువాడు కృతఘ్నుడు. కాని కాలువవెంట వరియు, ప్రత్తియు, మిరపయు వచ్చెను. జొన్న వెనుకకు తగ్గెను. వరిగడ్డి కడుపు నింపునే గాని చొప్పయంత బలము నీయదు. ప్రత్తికట్టె, మిరపకట్టె పొయ్యిలోనికేగాని దొడ్డిలోనికి రావు. పైగా ఆ చేలపై మాటిమాటికి మందు కొట్టుదురు. ఆ గట్ల గడ్డినే కోసి గేదెకు వేయుదురు. ఇట్లు సొంతచేని మేత పోయి, కొన్న మేత వచ్చినది. కొన్న మేత ధర పెరిగినకొలది నాసిరకము చెక్క చౌకయని కొట్టములోనికి వచ్చును. విషముయొక్క దారి యిది.

మేత మాట వచ్చినపుడు పలనాటివాడు తల యెత్తుకొని చెప్పుకొనదగిన చరిత్ర యొకటి కలదు. అడవిలో పశువులు మేసినందుకు పుల్లరి కట్టుమని తెల్లదొరల ప్రభుత్వము నిర్బంధించినపుడు, 1921లో నీ సీమ ప్రజలు కట్టమనిరి. ఉన్నవ లక్ష్మీనారాయణ పంతులుగారివంటి పెద్ద లా సత్యాగ్రహము కారణముగ చెఱసాల కేగిరి. 1922 ఫిబ్రవరిలో మించాలపాడున కన్నెగంటి హనుమంతు పోలీసుల తుపాకులకు ఱొమ్మొడ్డి నేలకొఱగెను. ఒక గడ్డిపరకకై ప్రాణ మిచ్చుట వెఱ్ఱియని యెవడైన ననునా? ఆ గడ్డిపరక వెనుక గొడ్డున్నది. గొడ్డు వెనుక సంసార మున్నది. తన పశువు మేయు భూమిపై ఊరికి హక్కు కలదని చెప్పుటకే ఆ వీరుడు నెత్తురు ధారవోసెను. మఱి నేడు పుల్లరి యడుగువాడు లేడు. పశువు మేయు బీడును లేదు. ఊరి పోరంబోకు నాక్రమించినది పరప్రభుత్వము కాదు, మనవారే. గ్రామముల సమష్టిభూము లాక్రమించినవారిని తొలగించుమని 2011 జనవరిలో సుప్రీంకోర్టు రాష్ట్రప్రభుత్వముల నాజ్ఞాపించెను. హనుమంతు విగ్రహమునకు పూలదండ వేయుట మంచిదే. ఆ దండ వేసిన చేతులతోనే ఊరి బీడున రెండెకరములు విడిపించి పసుగ్రాసము పెంచినచో ఆ వీరున కంతకుమించిన పూజ వేఱొకటి లేదు.

మేత తరువాత రోగము. ఇక్కడ నిరాశకు తావు లేదు. ముసరవ్యాధి యనిన మన తాతలు గడగడ వణకెడివారు. అది దొడ్డిలో కాలు పెట్టినచో వారముదినములలో దొడ్డి వల్లకాడయ్యెడిది. 1893లో కుమావూను కొండలందలి ముక్తేశ్వరమునకు తరలిన ప్రభుత్వ ప్రయోగశాలలో దశాబ్దములు శోధన సాగెను. 1927లో మేకలగుండ మెత్తపఱచిన టీకా తయారయ్యెను. స్వాతంత్ర్యానంతరము 1954లో దేశమంతట టీకాల యుద్ధ మారంభించిరి. 2006లో భారతదేశము, 2011లో ప్రపంచమే యా వ్యాధినుండి విముక్తమైనట్లు ప్రకటింపబడెను. మనుష్యుడు భూమినుండి పూర్తిగ తుడిచివేసిన పశురోగ మిది యొక్కటియే. ఊరూరను ప్రతి గొడ్డునకును టీకా పడుటచేతనే యిది సాధ్యమయ్యెను.

ఆ పట్టుదలయే యిప్పుడు గాలికుంటువిషయమున కావలెను. గాలికుంటు గొడ్డును చంపుట తక్కువ, కాని నోట పుండ్లు, గిట్టల పుండ్లు వచ్చి మేత మానును, పాలు హఠాత్తుగ పడిపోవును, పొదుగు చెడును. కొన్ని పశువులు కోలుకొనినను ఎండకు రొప్పుచు నింతకుముందు పాలకు మఱల రావు. 2019 సెప్టెంబరులో మథురలో ప్రారంభమైన జాతీయ కార్యక్రమము ననుసరించి యేటికి రెండుమాఱు లుచితముగా టీకా వేయవలెను. నాలుగు మొదలు ఎనిమిది నెలల ప్రాయముగల పెయ్యదూడల కన్నిటికిని ఒక్కమాఱు బ్రూసెల్లా టీకా వేయవలెను. ఈ రెండవది ముఖ్యము. బ్రూసెల్లా పట్టిన గేదె నెలలు నిండకుండ ఈడ్చుకొనిపోవును. అంతట నాగక, పచ్చిపాలు త్రాగినవారికిని, ఉత్తచేతులతో మాయ నెత్తివేసినవారికిని విడువని జ్వరము తెచ్చును. టీకా వేసినచో పాలు తగ్గునని కొందఱు గొడ్డును దాచుదురు. ఒకటి రెండు దినములు కొంచెము తగ్గిన తగ్గును. రోగము వచ్చినచో ఈతంతయు పోవును. దాచిన గొడ్డు తన యజమానికే గాక యూరంతటికి చేటు.

పొదుగువాపు వీనన్నిటికంటె మోసకారి. పొదుగు ఉబ్బి యెఱ్ఱబడినపుడు ఎవడైనను తెలిసికొనును. పైకి కనబడని వాపు నెలలతరబడి పాలను తగ్గించుచు, పాలలో సూక్ష్మజీవులను దింపుచుండును. దీనికి మందుకంటె మర్యాద ముఖ్యము. పిదుకుటకు ముందు పొదుగును చేతులను కడిగి పొడిగుడ్డతో తుడువవలెను. మొదటి రెండు ధారలను నల్లని పళ్లెమున పట్టి గడ్డలున్నవేమో చూడవలెను. బొటనవ్రేలు మడచి చన్నును నలుపక నిండుగుప్పిటతో పిదుకవలెను. రోగమున్న గొడ్డును చివర పిదుకవలెను. పిదికిన తరువాత చన్నులను క్రిమినాశక ద్రవమున ముంచి, అప్పుడు మేత వేయవలెను. ఏలయన పాలదారి మూసికొనుటకు కొంతసేపు పట్టును, మేత యెదుట నున్నచో పశువు ఆ సేపు పేడలో పండుకొనక నిలిచియుండును. దూడ పుట్టిన గంట రెండు గంటలలోపల జున్నుపాలు దానికి త్రాగింపవలెను. మన జున్నుముక్క తరువాత చూచుకొనవచ్చును. వీనిలో నేదియును ధనవంతుడే చేయగలది కాదు.

ఇక నెండ. రెంటచింతల యెండలు రాష్ట్రమంతట ప్రసిద్ధములు. గేదె నల్లనిది, దానికి చెమటగ్రంథులు తక్కువ, నీడయు నీటిమడుగును లేక యది వేసవిని గడపజాలదు. ఆ యెండలోనే ఉదయము పిదికిన పాలు కేంద్రము చేరి చల్లబడువఱకు గంటలు గడచును. పాలలోని సూక్ష్మజీవులు వేడిలో అరగంట కొకమాఱు రెట్టింపగును. పాలు విఱిగినచో త్రిప్పి పంపుదురు. త్రిప్పి పంపినచో నా పూట కూలి పోయినట్లే. అప్పుడే నడుమనున్నవాని చేయి సోడాపొట్లము వైపు పోవును. ఆ చేయి దొంగచేయియే, దానిని మన్నింపరాదు. కాని శిక్ష యొక్కటియే చాలదు. ఊరి కూరికి దగ్గఱగ శీతలయంత్ర మున్నచో నా పొట్లము నవసరమే యుండదు.

ఇప్పుడు మా ముఖ్యమైన మాట చెప్పెదము. మన పాలకేంద్రములు, సహకారసంఘములవైనను ప్రైవేటువారివైనను, సాధారణముగా వెన్నశాతమునుబట్టి, ఇతర ఘనపదార్థములనుబట్టి వెల కట్టుచున్నవి. వెన్నకు వెల యున్నది. శుచికి వెల లేదు. పొదుగు కడిగినవానికిని కడుగనివానికిని ఒకటే ధర. ఇంతేకాదు. గేదెకు యాంటీబయాటిక్ సూది వేయించిన రైతు, మందుసీసాపై వ్రాసిన గడువు తీఱువఱకు ఆ పాలను పోయరాదు. ఒక్క గేదె, పూటకు రెండున్నర లీటర్లు, గడువైదు దినము లనుకొందము. ఇరువదియైదు లీటర్లు పారబోయవలెను. లీటరు అరువది రూపాయలైనచో నది పదునైదువందల రూపాయలు. మందు ఖర్చు వేఱు. నిజాయితీపరుడైన కౌలురైతు ఈ పదునైదువందలు జరిమానాగా చెల్లించుచున్నాడు. పారబోయక పోసినవాడు హాయిగ డబ్బు తీసికొనుచున్నాడు. సత్యమునకు జరిమానా వేసి, అసత్యమునకు బహుమాన మిచ్చి, ఆమీద పాలు శుద్ధముగ లేవని దుఃఖించుట యే న్యాయము?

దీనికి మందు లేకపోలేదు. కేంద్రమువారు కొన్న ప్రతి లీటరుపై పదిపైసలు ప్రక్కకు తీయుదురుగాక. దినమునకు వేయి లీటర్లు పోయు గ్రామమున నది నూఱు రూపాయలు. ఏటికి ముప్పదియాఱువేల యైదువందలు. పైన చెప్పిన రైతువంటివారు ఇరువదినలుగురికి పారబోసిన పాల వెల దానితో నిచ్చివేయవచ్చును. పశువైద్యుని చీటి చూపినవానికి పాలు పోసినట్లే వెల ముట్టవలెను. శుచియైన పాలకు లీటరుపై కొంత యధికముగ నీయవలెను. పరీక్షలో మందుశేషము కనబడినచో మొదటిసారి హెచ్చరిక, రెండవసారి నిరాకరణము. బహుమానము ముందు, శిక్ష తరువాత. అప్పుడే శిక్షకు ధర్మబలము కలుగును.

ఇది గాలిలో కట్టిన మేడ కాదు. డెన్మార్కు రైతులు 1882లో హెడింగ్ గ్రామమున సహకార పాలకేంద్రము పెట్టుకొనిరి. కేంద్రమునుండి యిండ్లకు త్రిప్పి యిచ్చెడి వెన్నతీసిన పాలగుండ క్షయరోగము దూడల కంటుచున్నదని తెలియగా, ఆ పాలను కాచియే పంపవలెనని 1898లో ఆ దేశము శాసనము చేసెను. పాలకేంద్రము పాలను కొనుటయే కాదు, దొడ్ల యారోగ్యమునకును బాధ్యత వహింపవలెనని వా రా నాడే గ్రహించిరి. మన దేశమున గుజరాతులోని ఖేడా రైతులు, సర్దారు పటేలుగారి హితోపదేశముపై, త్రిభువనదాసు పటేలుగారి నాయకత్వమున పాలు పోయుట మానివేసి పోరాడి 1946 డిసెంబరులో తమ సంఘమును స్థాపించుకొనిరి. ఆ సంఘము పాలతోపాటు పశువైద్యమును, దాణాను ఊరికి తెచ్చెను. 1977లో వడ్లమూడి కేంద్రముగా గుంటూరు జిల్లా పాల ఉత్పత్తిదారుల సంఘ మవతరించుటకు స్ఫూర్తి ఆ మార్గమే. 2022 ఏప్రిల్ 4న పలనాడు ప్రత్యేక జిల్లా యైనది. జిల్లా యనగా కచేరీలును బోర్డులును మాత్రమే కాదు. పాలను, దాణాను పరీక్షించు ప్రయోగశాల రైతునకు అందుబాటున నుండవలెను. పరీక్షాఫలితము రైతు చేతికిని పట్టణమున పఠనమందిరపు గోడకును రావలెను.

ఇంకొక లోపము కలదు. ప్రొద్దు పొడువకముందు లేచి కొట్టము నూడ్చునది స్త్రీ. కుడితి కలుపునది స్త్రీ. చాలయిండ్ల పాలు పిదుకునదియు నామెయే. సంఘపు పుస్తకమున పేరు మాత్రము పురుషునిది. శిక్షణసభకు పిలుపు పురుషునికి. డబ్బు పురుషుని చేతికి. పొదుగు ముట్టని చేతికి పొదుగు కడుగు విద్య నేర్పి ప్రయోజన మేమి? సభ్యత్వము ఆమె పేర నుండవలెను; సొమ్ము ఆమె ఖాతాలో పడవలెను; పశువైద్యుడు మాటాడవలసినది ఆమెతో. ఇది దయ కాదు, పని చేసినవారి హక్కు.

పట్టణవాసులారా, మీకును విధి కలదు. చౌకపాలే కావలెనని పట్టుపట్టువాడు కల్తీకి తలుపు తీయుచున్నాడు. కాఫీకొట్టువాడు అన్నిటికంటె తక్కువ ధరకు పాలు కొని అన్నిటికంటె చిక్కని కాఫీ యిచ్చినచో నది మహిమ కాదని గ్రహింపుడు. ఎవరి పాలు కొనుచున్నారో వారి పల్లె యేదో, వారి గొడ్లకు టీకాలు పడినవో లేవో యడుగుడు. పచ్చిపాలు బలమను మాట నమ్మి కాచకుండ త్రాగకుడు. శుచిగ తెచ్చినవానికి ఒక్క రూపాయి యెక్కువ యిచ్చుటకు వెనుదీయకుడు; ఆ రూపాయి మీ బిడ్డల కడుపులోనికే తిరిగి వచ్చును.

1927లో బెంగుళూరున విశ్రాంతికై యున్నపుడు గాంధీమహాత్ముడు అక్కడి ప్రభుత్వ పశుపాలనశాలకు పోయి, విద్యార్థివలె పాడివిద్య నభ్యసించెను. గోరక్షణము నుపన్యాసములకు విడువక, పేడ, పాలు, మేత, లెక్కలు, వీనియందు దానిని వెదకెను. మన గోభక్తి యా బడిలో ఇంకను చేరవలసియున్నది. సంక్రాంతినాడు కొమ్ములకు రంగు పూసి మఱునాడు బూజుచెక్క పెట్టుట భక్తి కాదు. పలనాటి రైతు, పలనాటి యిల్లాలు మంచిపాలు పోయుటకు సిద్ధముగనే యున్నారు. వారి మంచితనము వారికే నష్టము గాకుండ చూచుట పాలకేంద్రముల వంతు, ప్రభుత్వము వంతు, పాలు త్రాగు మనందఱి వంతు. శుచికి వెల కట్టిన నాడు పలనాడు పాలనాడగును.